మోసినవారి యాత్ర: క్షేత్ర సందర్శన చరిత్రలో సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయం

విషయ ప్రవేశం

దక్షిణ భారతదేశపు దేవాలయ నగరాల చరిత్రను నిర్మించేటప్పుడు పరిశోధకులు ప్రధానంగా మూడు రకాల ఆధారాలను ఆశ్రయిస్తారు. అవి శాసనాలు, స్థలపురాణాలు, యాత్రాకథనాలు. ఈ మూడింటిలోనూ ఒక సమాన లక్షణం ఉంది. క్షేత్రాన్ని సందర్శించినవాడిగా వాటిలో పేరు నిలుపుకున్న వ్యక్తి రాజో, మంత్రో, ఉన్నతోద్యోగో అయి ఉంటాడు. అతడు వాహనం మీద వచ్చినవాడు. ఆ వాహనాన్ని భుజాన మోసినవారు కూడా అదే రోజున అదే క్షేత్రానికి చేరుకున్నారు. అదే కోనేటిలో మునిగారు. బహుశా అదే దైవానికి మొక్కుకున్నారు. కాని వారి సందర్శన రాతకు ఎక్కలేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ సికింద్రాబాదులో ఉంది. జనరల్ బజారులోని ఉజ్జయినీ మహంకాళి ఆలయాన్ని స్థాపించినవాడు సురిటి అప్పయ్య అనీ, అతడు సైన్యంలో డోలీ మోసే ఉద్యోగి అనీ ఆలయ సంప్రదాయం చెబుతోంది. ఒక మోతగాడు దూరదేశపు క్షేత్రాన్ని చూసి వచ్చి, దాన్ని తన ఊళ్లో నిలిపిన కథ ఇది. ఈ కథను భక్తిగాథగా మాత్రమే చెప్పుకోవడం ఒక అలవాటు; తేదీలు పొసగవని పక్కన పెట్టడం మరొక అలవాటు. ఈ రెండింటికీ దూరంగా, దీన్ని క్షేత్ర సందర్శన చరిత్రకు ఒక ఆధారంగా పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు తోడుగా, అదే కాలంలో ఇదే దారిన వెళ్లిన ఏనుగుల వీరాస్వామయ్య యాత్రాకథనాన్ని పోల్చి చూడడం జరుగుతుంది.

సందర్శన – దాని రాత

తెలుగునాట క్షేత్ర సందర్శన ఎలా నమోదైందో ముందుగా చూడాలి. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు 1513 నుండి 1521 వరకు తిరుమలను ఏడుసార్లు దర్శించాడు. ఉదయగిరి విజయం తరువాత 1514లో 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేయించాడు. ఈ సమర్పణల వివరాలు ఆలయపు గోడల మీద శాసనాలుగా నిలిచాయి. తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడిన ఆయన లోహవిగ్రహాలు నేటికీ ఆలయ ప్రాంగణంలో చేతులు జోడించి నిలబడి ఉన్నాయి. రాజు సందర్శన క్షేత్రంలో శాశ్వతంగా భాగమైంది.

రెండవ రకం, క్షేత్రానికి దారి వేసినవారి నమోదు. కొండవీటి రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలంలోనూ అహోబిలంలోనూ సోపానాలు కట్టించినట్లు ఆ వంశపు శాసనాలు కీర్తించాయి. ఆ వంశానికే చెందిన అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం నిర్మించాడు. మెట్లు కాలినడకన వచ్చేవారికే ఎక్కువ అవసరం. అయినా ఆ మెట్ల మీద నడిచినవారి మాట కాక, వాటిని కట్టించినవారి మాటే శాసనంలోకి వచ్చింది. మూడవది కావ్యరూపమైన స్థలపురాణం. దక్షారామ మాహాత్మ్యాన్ని చెప్పే శ్రీనాథుని భీమఖండం బెండపూడి అన్నయమంత్రికి అంకితమైంది. క్షేత్రకథ చెప్పడానికి కవికి ఒక కృతిపతి కావలసి వచ్చాడు.

అచ్చుయుగం వచ్చేసరికి రాత స్వభావం మారింది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నాడు. దారిలోని విశేషాలను తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు రాసి పంపేవాడు. వీరాస్వామయ్య 1836లో మరణించగా, ఆ రచన కాశీయాత్ర చరిత్ర అనే పేరుతో 1838లో అచ్చయింది. తరువాతి కాలంలో దిగవల్లి వేంకట శివరావు 1941లో విపులమైన సంపాదకత్వంతో దాన్ని మళ్లీ వెలువరించారు.

ఈ గ్రంథంలో దైవస్తుతి తక్కువ, లోకజ్ఞానం ఎక్కువ. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా ఉత్తరానికి సాగిన ఈ యాత్రికుడు ఎక్కడ నీరు దొరుకుతుంది, ఎక్కడ దినుసులు దొరుకుతాయి, బాట ఎలా ఉంది, యాత్రికుల వద్ద ఎవరు ఎలాంటి రుసుములు వసూలు చేస్తున్నారు అనే విషయాలను శ్రద్ధగా నమోదు చేశాడు. అప్పటికి తిరుమల ఆలయ ఆదాయం ఈస్టిండియా కంపెనీ అజమాయిషీలో ఉంది. ఆలయ నిర్వహణకు 1821లో బ్రూస్ కోడు అనే నియమావళి ఏర్పడింది. 1843లో కంపెనీ ఆ బాధ్యతను హాథీరామ్‌జీ మఠపు మహంతులకు అప్పగించే వరకు ఈ పరిస్థితి కొనసాగింది. శ్రీశైలం కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. పరిపాలనతో పరిచయం ఉన్న వీరాస్వామయ్య దృష్టికి ఈ భేదాలు తేలికగా అందాయి.

ఈ సందర్భంలో గమనించవలసిన అంశం మరొకటి ఉంది. వీరాస్వామయ్య నడిచి వెళ్లలేదు. ఆయన సవారీని బోయీలు మోశారు. మజిలీ ఎంత దూరాన ఉండాలో, ఏటిని ఎప్పుడు దాటాలో, ఎన్నాళ్లు ఆగాలో నిర్ణయించేది చాలావరకు వారి శరీరశక్తే. పరివారపు క్షేమాన్ని పట్టించుకున్న యజమానిగానే ఆయన తన గ్రంథంలో కనిపిస్తాడు. అయినప్పటికీ బోయీలు అందులో యాత్రాసాధనంగా ఉన్నారే తప్ప యాత్రికులుగా లేరు. ఇది ఆయన ఒక్కరి లోపం కాదు. యాత్రాకథనం అనే ప్రక్రియ పరిమితి అది. రాయగలిగినవాడే యాత్రికుడు అయ్యాడు.

దండు నుండి ఊరు

వీరాస్వామయ్య నిజాం రాజధానికి వచ్చేనాటికి సికింద్రాబాదు వయస్సు పట్టుమని పాతికేళ్లు దాటలేదు. 1798 సెప్టెంబరు 1న నిజాం అలీఖాను కంపెనీతో చేసుకున్న సైన్యసహకార ఒప్పందం ప్రకారం ఆరు సిపాయి పటాలాలు హైదరాబాదు రాజ్యంలో నిలిచాయి. హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన ఉన్న ఆ దండుకు మూడవ నిజాం సికందర్ జా పేరుతో 1806లో సికింద్రాబాదు అనే పేరు స్థిరపడింది.

దేవాలయ నగరం పుట్టే తీరు మనకు తెలుసు. ముందు గుడి ఉంటుంది. గుడి చుట్టూ మాడవీధులు, వాటిని ఆనుకొని అర్చకుల ఇళ్లు, సత్రాలు, అంగళ్లు ఏర్పడతాయి. ఉత్సవమూర్తి తిరిగే దారే ఊరి ప్రధానవీధి అవుతుంది. సికింద్రాబాదులో ఈ క్రమం తలకిందులైంది. ముందు కవాతు మైదానం, బారకాసులు. ఆ వెనుక సైన్యానికి సరుకులు అందించే బజారు. ఆ బజారులో గుడి. సైన్యంతో వచ్చిన జనంలో సిపాయిలు కొందరే. వారి వెంట పశువులు కాసేవారు, గడ్డి కోసేవారు, నీరు మోసేవారు, వంటవారు, చాకలివారు, డోలీ మోసేవారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. సికింద్రాబాదు దళాలు మద్రాసు సైన్యానికి చెందినవి. కనుక ఈ జనంలో తెలుగు, తమిళ ప్రాంతాలవారు చాలామంది. వారంతా తమ గ్రామదేవతలను వదిలి వచ్చినవారు. కొత్త ఊరికి పొలిమేర లేదు, పొలిమేరను కాచే తల్లి లేదు. ఈ లోటును తీర్చినది రాజశాసనం కాదు, ఒక మొక్కు.

డోలీ మోసిన అప్పయ్య

ఆలయ సంప్రదాయం చెప్పే కథ ఇది. 1813లో జంటనగరాల ప్రాంతంలో కలరా ప్రబలి అనేకులు మరణించారు. అప్పుడు సైనిక పటాలంతో ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య, అతని సహచరులు అక్కడి మహాకాళి ఆలయాన్ని దర్శించారు. తమ ఊరివారు వ్యాధి నుండి బయటపడితే సికింద్రాబాదులో అమ్మవారిని ప్రతిష్ఠిస్తామని మొక్కుకున్నారు. వ్యాధి తగ్గింది. 1815లో తిరిగివచ్చిన అప్పయ్య కొయ్యతో చేసిన అమ్మవారి విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. ఉజ్జయిని పేరు ఆ తల్లి పేరుతో కలిసిపోయింది.

ఈ కథలో అప్పయ్య వృత్తి చాలామంది దాటిపోయే వివరం. నా దృష్టిలో కథకు కీలకం అదే. కంపెనీ సైన్యంలో డోలీ అధికారుల విలాసవాహనం కాదు. ప్రతి పటాలానికీ అనుబంధంగా ఉండే వైద్యవిభాగంలో రోగులనూ గాయపడినవారినీ చేరవేసే సాధనం అది. ప్రయాణమధ్యంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్న సిపాయిని బాట పక్కన వదిలేయకుండా తదుపరి మజిలీకి చేర్చేది డోలీ మోసేవారే. రోగి ఒంటికి అందరికంటె దగ్గరగా ఉండేది వారే. రోగకారణం సూక్ష్మజీవి అని, అది నీటి ద్వారా వ్యాపిస్తుందని తెలియని కాలంలో, తన భుజం మీద మనుషులు కొన్ని గంటల్లోనే ప్రాణం విడవడాన్ని ఆ మోతగాడు చూశాడు. వ్యాధి నుండి ఊరిని కాపాడమనే మొక్కు అతని నోట రావడంలో కల్పన అక్కరలేని సహజత్వం ఉంది. స్థలకథ ఒక పటాలపు సుబేదారునో, ధనికుడైన వర్తకునో స్థాపకుడిగా ఎంచుకోగలిగేది. అలా చేయకుండా డోలీ మోసేవాడి పేరును రెండు శతాబ్దాలు నిలుపుకోవడం ఆ జ్ఞాపకపు విశ్వసనీయతకు అనుకూలమైన అంశం. గుడి ప్రతిష్ఠ పెరిగేకొద్దీ స్థాపకుని అంతస్తును పెంచడం స్థలకథల స్వభావం. ఇక్కడ అది జరగలేదు.

తేదీల పరీక్ష

కథను గౌరవించడమంటే దాని తేదీలను పరీక్షించకపోవడం కాదు. ఇక్కడ రెండు చిక్కులు ఉన్నాయి.

మొదటిది వ్యాధికి సంబంధించినది. ప్రపంచ వైద్యచరిత్ర మొదటి కలరా మహమ్మారిగా గుర్తించినది 1817లో వంగదేశంలోని జెస్సోరులో మొదలైంది. ఆ ఏడాది నవంబరులో బుందేల్‌ఖండులో విడిసి ఉన్న గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సైన్యాన్ని అది చిన్నాభిన్నం చేసింది. 1818లో దక్కనుకు వ్యాపించింది. సంప్రదాయం చెప్పే 1813 దీనికి నాలుగేళ్లు ముందు.

రెండవది సైన్యగమనానికి సంబంధించినది. 1813 నాటికి ఉజ్జయిని దౌలత్‌రావు సింధియా ఏలుబడిలో ఉంది. దక్కను సేనలు పెద్దయెత్తున ఆ ప్రాంతానికి వెళ్లింది 1817లో. మద్రాసు సేనాధిపతి సర్ థామస్ హిస్లాప్ నాయకత్వంలోని దక్కను సైన్యం నర్మదను దాటి మాల్వాలో ప్రవేశించింది. ఉజ్జయినికి ఉత్తరాన, అదే శిప్రానది ఒడ్డున ఉన్న మహీద్‌పూరు వద్ద 1817 డిసెంబరు 21న హోల్కరు సేనలతో యుద్ధం జరిగింది. హైదరాబాదు రెసిడెంటు హెన్రీ రసెల్ పేరుతో ఏర్పడిన రసెల్ బ్రిగేడు పటాలాలు ఆ యుద్ధంలో పాల్గొని, మహీద్‌పూరు పేరును తమ యుద్ధగౌరవంగా పొందాయి. కంపెనీ పక్షాన 170 మందికి పైగా మరణించగా, 600 మందికి పైగా గాయపడ్డారు. అంతమంది క్షతగాత్రులను మోయడానికి ఎన్ని డోలీలు, ఎందరు మోతగాళ్లు కావలసి వచ్చి ఉంటారో ఊహించవచ్చు.

ఈ రెండు చిక్కులకూ మూడు సమాధానాలు సాధ్యం. మొదటిది, సంప్రదాయపు తేదీలు యథాతథంగా సరైనవే కావడం. 1817కు ముందు కూడా ఈ దేశంలో విషూచిక, వాంతిభేది పేర్లతో స్థానికంగా అటువంటి వ్యాధి ఉండేది. అది పటాలాల్లో తలెత్తి ఉండవచ్చు. చిన్న సైనికబృందం ఏదో పనిమీద ఉజ్జయినికి వెళ్లి ఉండవచ్చు. రెండవది, 1817–18 నాటి అనుభవం కథలో వెనక్కి జరగడం. రసెల్ బ్రిగేడు ఏర్పడినది 1813లోనే. తమ పటాలం పుట్టిన సంవత్సరాన్ని తమ కథకు ఆరంభంగా చెప్పుకోవడం సైనిక కుటుంబాల జ్ఞాపకంలో అసహజం కాదు. మూడవది, రెండు సంఘటనల కలయిక. ఒక చిన్న వ్యాధికాలంలో 1815 ప్రాంతాన గుడి మొదలై, 1818 నాటి మహమ్మారి తరువాత ఆ గుడికి ఉజ్జయిని పేరూ, ఊరంతటి ప్రసిద్ధీ వచ్చి ఉండవచ్చు.

ఈ మూడింటిలో నేను మూడవదానివైపు మొగ్గుతాను. ఒక గుడి స్థాపన, దాని ప్రసిద్ధి ఒకే సమయంలో జరగవలసిన అవసరం లేదు. జ్ఞాపకం మాత్రం ఆ రెంటినీ ఒకే కథగా అల్లుతుంది. అయితే ఏ సమాధానాన్ని స్వీకరించినా కథాసారం చెడదు. దక్కను సేనతో వెళ్లినవారు ఉజ్జయినిని చూశారు. వారి కాలంలో మహమ్మారి వచ్చింది. వారిలో మోతగాళ్లు ఉన్నారు. ఈ మూడూ లిఖిత చరిత్ర అంగీకరించే విషయాలే. ‘బదిలీ’ అనే నేటి ఉద్యోగపరిభాషలో ఇప్పుడు చెప్పుకొంటున్న ప్రయాణం, ఆనాడు నెలల తరబడి సాగిన దండయాత్ర అయి ఉండే అవకాశం ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి.

కొయ్య నుండి రాతికి

1864లో కొయ్య విగ్రహం స్థానంలో రాతి విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఆ స్థలంలో బావి తవ్వుతున్నప్పుడు దొరికిందని చెప్పే మాణిక్యాంబ విగ్రహం కూడా మహంకాళి పక్కనే పూజలందుకుంటోంది. ఈ జంట ప్రతిష్ఠలో ఒక విశేషం ఉంది. తెలుగువారి నోట నిత్యం వినిపించే అష్టాదశ శక్తిపీఠాల పట్టికలో ఉజ్జయిని మహాకాళి, దక్షారామపు మాణిక్యాంబ ఇద్దరూ ఉన్నారు. ఆ పట్టికలోనే అలంపురం జోగులాంబ, శ్రీశైల భ్రమరాంబ, పీఠాపురం పురుహూతిక కూడా ఉన్నారు. మాల్వాలోని ఒక క్షేత్రం, గోదావరి మండలంలోని ఒక క్షేత్రం సికింద్రాబాదు బజారులోని ఒకే గర్భాలయంలో కలిశాయి. దండులో కలిసిన జనం ఎక్కడెక్కడివారో, వారి దేవతలు కూడా అక్కడక్కడివారే.

ఇదే క్షేత్ర సందర్శనకు మరొక అర్థాన్ని ఇస్తుంది. వీరాస్వామయ్య వంటి యాత్రికుడు క్షేత్రం దగ్గరకు వెళ్లి, దాని వివరాన్ని పుస్తకరూపంలో ఇంటికి తెచ్చుకున్నాడు. రాత లేని యాత్రికుడు క్షేత్రాన్నే ఇంటికి తెచ్చుకున్నాడు. గోడ మీద చెక్కించడానికి అధికారం, కాగితం మీద రాయడానికి అక్షరం లేనివాడికి తన యాత్రను నమోదు చేసుకునే మార్గం ప్రతిష్ఠే. ఈ దృష్టితో చూస్తే ఆలయమే అప్పయ్య రాసిన యాత్రాచరిత్ర.

రంగం అనే సాక్ష్యం

ఆ యాత్రాచరిత్రను ఏటేటా చదివే సందర్భం ఆషాఢమాసపు బోనాలు. ఆదివారం స్త్రీలు పసుపు, వేపమండలతో అలంకరించిన కుండలో అన్నం పెట్టి, పైన దీపం ఉంచి అమ్మవారికి బోనం సమర్పిస్తారు. ఘటం ఊరేగుతుంది; పోతరాజులు ముందు నడుస్తారు. మరునాడు సోమవారం రంగం జరుగుతుంది. అవివాహితగా అమ్మవారి సేవకు అంకితమైన స్త్రీ పచ్చికుండ మీద నిలబడి, పూనకంలో రాబోయే ఏటి మాట చెబుతుంది. వానలు ఎలా ఉంటాయి, పంటలు ఎలా ఉంటాయి, రోగాలు వస్తాయా అనేవే ప్రధానంగా అడిగే ప్రశ్నలు. ఆ పైన ఏనుగు మీద అమ్మవారి పటం ఊరేగింపు, సాగనంపు.

శాసనం రాతిమీద ఉంటుంది. రంగం కాల్చని మట్టికుండ మీద నిలబడి పలుకుతుంది. చరిత్రకారుడు మొదటిదాన్నే ఆధారంగా పరిగణిస్తాడు. కాని వ్యాధి గురించి భయపడి అడిగే ప్రశ్న ఈ ఉత్సవంలో నేటికీ నిలిచి ఉండడం, గుడి పుట్టుకకు వ్యాధే కారణమనే కథనానికి బలమైన సమర్థన. స్థాపనాకారణం క్రతువులో ప్రశ్నగా మిగిలింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్రపండుగగా ప్రకటించాక ఈ ఉత్సవపు వ్యాప్తి మరింత పెరిగింది. ఆలయం దేవాదాయశాఖ నిర్వహణలో ఉంది. అధికారిక గుర్తింపు వచ్చినకొద్దీ కథ ఒకే పాఠంగా గట్టిపడుతుంది. పలు కుటుంబాలు, పలు వాడలు చెప్పుకొనే పాఠాంతరాలు కరిగిపోతాయి. తాళపత్రాల పాఠాంతరాలను సేకరించడంలో తెలుగు శాఖలు చూపిన శ్రద్ధ, ఈ మౌఖిక పాఠాంతరాల విషయంలోనూ అవసరం. ఆలస్యమైతే మనకు మిగిలేది బోర్డు మీది రెండు తేదీలు మాత్రమే.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఒకటి, దేవాలయ నగరాల సందర్శనను గురించి మనకున్న లిఖిత ఆధారాలు వాహనం ఎక్కినవారి ఆధారాలు. మోసినవారి సందర్శనను వేరే రూపాల్లో వెతకాలి. రెండు, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయం అటువంటి ఒక రూపం. మూడు, స్థలకథలోని 1813, 1815 తేదీలను 1817–18 నాటి దక్కను సేన మాల్వా ప్రయాణంతోనూ, మొదటి కలరా మహమ్మారితోనూ కలిపి చదివినప్పుడు కథ బలహీనపడదు, దాని నేపథ్యం స్పష్టపడుతుంది. నాలుగు, సికింద్రాబాదును కేవలం వలసపాలన నిర్మించిన దండుగా చూసే చరిత్రరచనకు సవరణ అవసరం. దండు ఒప్పందం వల్ల ఏర్పడింది. ఊరు మాత్రం ఆ దండును మోసినవారి మొక్కుల వల్ల ఏర్పడింది.

పటాలాల జీతపు పట్టీలు, వైద్యశాఖ నివేదికలు, దండు బజారు లెక్కలు, బోనాల పాటలు, ఆలయంతో అనుబంధం ఉన్న కుటుంబాల కథనాలు – వీటిని ఒకచోట చేర్చి చదవడం ఈ దిశలో తదుపరి పని. కాశీయాత్ర చరిత్రను కూడా ఈ దృష్టితో మళ్లీ చదవాలి. అందులో వీరాస్వామయ్య ఒక మజిలీలో ఆగిన ప్రతిచోటా, ఎవరి అలసట వల్ల ఆగాడో అడిగితే, ఆ గ్రంథంలోనే మరొక యాత్ర కనిపిస్తుంది.